మే ముప్పైనాలుగు

మే నెలకి ముప్పైఒక్క రోజులే. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు, పీహెచ్‌డీ చేసిన మన ప్రమోదకీ తెలుసు. అయినా శుక్రవారం సాయంత్రం ల్యాబ్ ఫ్రీజర్ అడుగున మంచుకి అతుక్కుపోయిన చిన్న కవరొకటి ఊడబెరికి, దానిమీద నీలం సిరాతో తెలుగులో రాసింది చదివి, ఆవిడ అక్కడే నేలమీద కూలబడింది. కవరు మీద "మే 34" అని ఉంది. పోయినవారం మనం ఆవిణ్ణి వదిలి వచ్చింది అక్కడే.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి. ప్రమోద మనవైపు పశువైద్యం చదివి, ఇప్పుడు న్యూజెర్సీలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో గొర్రెలకీ మేకలకీ వచ్చే పారుడు రోగం మీద పరిశోధన చేస్తోంది. ఒక్కటీ మిగలకుండా మందకి మందని ఊడ్చేసే వైరస్ అది. దాని జన్యువులో అక్షరాలు కాలం గడిచేకొద్దీ ఒకటీ అరా మారుతుంటాయి. ఏ నమూనా ఏ తారీఖున తీశారో తెలిస్తే, ఆ మార్పులని బట్టి రోగం ఎప్పుడు వచ్చింది, ఏ మందలోంచి ఏ మందకి పాకింది అని లెక్కగట్టొచ్చు. తారీఖు తప్పితే లెక్కంతా తప్పుతుంది.

నమూనాలు పంపినవాడు ఆవిడ క్లాస్‌మేట్ వీరభద్రం, రాయలసీమలో ఓ మండలానికి పశువుల డాక్టరు. వైరస్‌ని చంపి, ఫిల్టర్ కాగితం మీద ఆరబెట్టి, కవర్లలో పెట్టి పంపాడు. మొదటి పెట్టె గొర్రెలవి. ఒక్కో మందలో ఒక్కో రోజు తీశాడు కాబట్టి కవర్ల మీద "జూలై 9", "జూలై 16" అని తారీఖులు వేశాడు. రెండో పెట్టె మేకలవి. అవి జూలైలో ఒక్కరోజే, ఒక్క ఊళ్లోనే తీశాడు కాబట్టి తారీఖు అక్కర్లేదని మేక నెంబరు వేశాడు. మే 4, మే 11, మే 27. మే అంటే మేక. ప్రమోద మే నెల అనుకుంది. ముప్పైఒకటి దాటిన కవరు ఒక్కటే ఉంది, అదేమో అడుగున ఇరుక్కుపోయి ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు.

ఫోన్ చేసి అడగొచ్చుగా అంటారు. నేనూ అదే అంటాను. కానీ ఆ ల్యాబ్ మొత్తానికి తెలుగు చదవడం వచ్చిన మనిషి తనొక్కతే. బాస్ ఆ కవర్లు చూసి ఇదేం భాష అని ముచ్చటపడితే, "నా భాష" అని చెప్పుకుంది. అలా చెప్పుకున్నాక ఒక్క అక్షరం కోసం ఇంకొకర్ని అడుగుతుందా? అడగలేదు. ఆ జిల్లా మేకల్లో మే నెలనుంచే రోగం ఉందని పేపర్ అచ్చయింది. మంచి పేరొచ్చింది.

శుక్రవారం ఫ్రీజర్ దగ్గర్నుంచి ఇంటికొచ్చి, వీరభద్రానికి చేద్దామని ఫోన్ తీసింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. భర్త హరనాథ్ ఆ ఫోన్ చేతిలోంచి తీసుకుని, "ఆదివారం నీ సన్మానం ఫంక్షన్ అయిపోనీ ప్రమోదా, ప్లీజ్" అన్నాడు. ఆవిడ సరేనంది.

ఆ ఆదివారం ఇవాళే. పార్సిప్పనీ నుంచి ఐసెలిన్‌కి కారులో బయల్దేరారు. ప్రమోద పట్టుచీర కట్టుకుని, పెళ్లివారింటికి పోయే మనిషిలా కాక డెంటిస్ట్ దగ్గరికి పోయే మనిషిలా కూర్చుంది.

"కారు వెనక్కి తిప్పు హరీ. మేకకీ మే నెలకీ తేడా తెలియనిదానికి శాలువా ఏంటి?"

"రాఘవులుగారు హాల్ బుక్ చేశారు. రెండొందల మందికి కేటరింగ్ చెప్పారు. ఇప్పుడు క్యాన్సిల్ చేస్తే ఏమని చెబుతాం?"

"ఉన్నదే చెబుదాం."

"చెబుదాం, వద్దనట్లేదు. ముందు లాయర్‌తో మాట్లాడదాం. మన గ్రీన్ కార్డ్ పిటిషన్ మొత్తం ఆ పేపర్ మీదే ఉంది. నా హెచ్ వన్ వీసా అక్టోబర్‌తో సరి, ఇంక ఎక్స్‌టెన్షన్ లేదు. కొంచెం టైమ్ తీసుకుని, స్మూత్‌గా కరెక్షన్ వేయించుకుందాం."

"తప్పు కదూ?"

"తప్పే. కానీ ఎవరికి నష్టం చెప్పు? చచ్చిపోయిన మేకలకా?"

నిజమే కదా, ఎవరికి నష్టం అనుకుంది ప్రమోద. ఆ మాటతో గుండె కాస్త తేలికపడింది. తేలికపడినందుకు వెంటనే సిగ్గేసింది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఓక్ ట్రీ రోడ్డు మీద ఆదివారం పార్కింగ్ దొరకడమంటే పూర్వజన్మ సుకృతం. మూడు చుట్లు తిరిగి, చీరల కొట్టు వెనకాల కారు పెట్టి, రెస్టారెంట్ పైనున్న హాల్లోకి వెళ్లేసరికి లక్ష్మీకాంతంగారు ఎదురొచ్చారు. రాఘవులుగారి భార్య. ఆ దంపతులు అమెరికా వచ్చి నలభై ఏళ్లు కావస్తోంది. ఆయన సైంటిస్టుగా రిటైరయ్యాక తెలుగువాళ్లలో ఎవరికి చిన్న పేరొచ్చినా శాలువా కప్పకుండా వదలరు.

"రామ్మా, రా! శాలువా చూశావా? అచ్చమైన గొర్రె ఉన్ని. నీ సబ్జెక్ట్‌కి తగ్గట్టు ఉండాలని నేనే పట్టుబట్టి తెప్పించాను."

"ఎందుకాంటీ ఇదంతా" అంది ప్రమోద. ఆవిడ మొహమాటంకొద్దీ అంటోందనుకుని లక్ష్మీకాంతంగారు బుగ్గ పుణికారు.

స్టేజి వెనక గోడ చూసి ప్రమోద ఆగిపోయింది. ప్రతి ఆదివారం తను పిల్లలకి తెలుగు నేర్పే బడి ఉంది కదా, ఆ బడి చార్టులన్నీ తెచ్చి అక్కడ అంటించారు. గుణింతాలు. తను రాసినవే. మ గుణింతంలో "మే" పక్కన గడ్డం ఉన్న మేక బొమ్మ, దానికింద గుండ్రటి అక్షరాలతో "మేక". రెండేళ్లుగా ప్రతి వారం కర్ర పెట్టి చూపించి చదివించిన అక్షరం. ఆవిడకి చెవులు వేడెక్కాయి.

రాఘవులుగారు మైకు పట్టుకుంటే ఒకపట్టాన వదలరు. "జన్యువులో అక్షరాలు చదివేవాళ్లు అమెరికాలో వేలమంది ఉన్నారు. తెలుగు అక్షరాలు చదివేవాళ్లం ఈ హాల్లోనే ఇంతమందిమి ఉన్నాం. కానీ రెండూ చదవగలిగిన మనిషి మన ప్రమోద ఒక్కతే! తెలుగు రాకపోతే ఈ పరిశోధన లేదు. ఇది మన భాషకి జరిగిన సన్మానం!" అన్నారు. హాలంతా చప్పట్లు. శాలువా కప్పారు, చేతిలో జ్ఞాపిక పెట్టారు, ఫొటోకి నవ్వమన్నారు. ఆవిడ నవ్వింది. ఆ ఫొటో తర్వాత ఎప్పుడు చూసుకున్నా ఆ నవ్వు తనది కాదనే అనిపిస్తుంది.

భోజనాలయ్యాక ఆవిడ మాట్లాడాలి. ముద్ద దిగక, కంచం అలాగే వదిలేసి చేతులు కడుక్కోవడానికి హాలు బయటి నడవలోకి వెళ్లింది. అక్కడ ఎదురైంది ఒక పిల్ల. మెళ్లో పసుపుతాడు, కొత్త పెళ్లికూతురి వాలకం ఇంకా పోలేదు.

"మేడమ్, నేను రేణు. వీరభద్రం డాక్టర్ చెల్లెల్ని. పోయిన సంవత్సరం మేలో పెండ్లయింది. ఇక్కడే ఐసెలిన్‌లో ఉంటాము. మీకు సన్మానమని మా ఆయన తేజేశ్వర్ చెప్పినాడు. పార్కింగ్ దొరక్క లేటయింది, ఇప్పుడే వస్తున్నాము."

"వీరభద్రం చెల్లెలివా!" అంది ప్రమోద. "అన్నయ్య ఎలా ఉన్నాడు?"

రేణు కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీకు చెప్పలేదా మేడమ్? సస్పెండ్ చేసినారు."

"ఎందుకు?"

"మేలోనే మేకలకు పారుడు వచ్చిందంట. మా అన్న జూలై దాకా పైకి చెప్పకుండా దాచిపెట్టినాడంట. ముందే చెప్పింటే టీకాలు వేసి మందల్ని బతికించుకునేవాళ్లమని జనం ఆఫీసు మీదికి పోయినారు. మేలో మా అన్న లీవులో ఉన్నాడు కదా, నా పెండ్లి పనులకు. చెల్లెలి పెండ్లి సంబరంలో పడి జీవాల్ని చంపినాడని అందరి ముందర అన్నారంట. నా పెండ్లి ఫొటోలు నాకే చూడబుద్ధి కావడం లేదు మేడమ్."

ఉన్ని శాలువా మెడ దగ్గర గుచ్చుకుంటోంది. ప్రమోద దాన్ని తీయబోయి, తీయలేక, అంచు పట్టుకుని నిలబడింది. "మేలో వచ్చిందని ఎవరన్నారు?" అంది. అడిగింది కానీ, జవాబు వినాలని లేదు.

"ఏదో అమెరికా పేపర్లో అచ్చయిందంట. ఎవరు రాసినారన్నా అంటే, నీకెందుకులే అంటాడు. మీరు కూడా అదే రోగం మీద చేస్తారు కదా మేడమ్, వాళ్లెవరో మీకు తెలిసే ఉంటారు. మా అన్న అట్లాంటోడు కాదని వాళ్లకు ఒక్క మాట చెప్తారా?"

ఇక్కడ నిజం చెప్పేయొచ్చు. నడవలో ఇద్దరే ఉన్నారు, మైకు లేదు, జనం లేరు. ఆ పిల్ల చేతులు పట్టుకుని "నేనేనమ్మా" అంటే సరిపోయేది. మన ప్రమోద ఏమందో తెలుసా? "కనుక్కుంటాను" అంది. కనుక్కుంటుందట! నాకే చెప్పుచ్చుకు కొట్టుకోవాలనిపించింది. ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక ఆవిడకీ అలాగే అనిపించి ఉంటుంది, మొహం నల్లబడిపోయింది.

రేణు కళ్లు తుడుచుకుని సంబరంగా ఫోన్ తీసింది. "మా అన్న ఇంకా పడుకోనుండడు. మీరు మాట్లాడితే సంతోషిస్తాడు" అని నెంబరు కలిపి, "అన్నా, ప్రమోద మేడమ్" అంటూ ఫోన్ చేతిలో పెట్టి, మాట్లాడుకోనీ అని మర్యాదగా దూరం జరిగింది.

"ఏం ప్రమోదమ్మా, శాలువా కప్పినారంట?" అదే పాత గొంతు, క్లాసులో వెనక బెంచీలోంచి వినపడే గొంతు. "మా దిక్కయితే కంబళి కప్పి గొర్రెపిల్లను చేతిలో పెడతారు. అక్కడ గొర్రెపిల్లను ఇచ్చినారా లేదా?"

"వీరభద్రం, నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పేది? నీ పేపర్ చదివినా. బాగా రాసినావు. మేలో తీసిన మేకల నమూనాలు అని ఉంది. నేనైతే మేలో పంపలేదు, ఇంకెవరో పంపినారనుకున్నా. అంటే చూడు, నా మండలంలో ఎవరో వచ్చి రోగం పట్టిన మేకల్ని చూసిపోయినారు, నేను మాత్రం చూడలేదు. ఊరూరా తిరిగి అడిగినా ప్రమోదా. మేలో మీ మేకలు పారినాయా అని. ఒక్కడు కూడా అవునన్లేదు. మొదట కోపమొచ్చె. తర్వాత అనుకొంటి, పెండ్లి సందట్లో నేనే చూసుకోలేదేమో అని. మనుషులు మర్చిపోతారు, వైరస్ అబద్ధమాడదు కదా."

ప్రమోద గోడకి ఆనుకుంది. "నువ్వు పంపిన మేకల నమూనాలు ఏమయ్యాయని నన్నడగలేదే?"

"పేపర్లో నా జూలై మేకలు కనపడలేదు. పాడైపోయింటాయనుకున్నా. అడిగితే ఆ మాట నా మొగం మీద చెప్పలేక నువ్వు ఇబ్బంది పడతావని ఊరుకున్నా. రేణుతో మాత్రం అనొద్దు, ఆ పేపర్ నీదని. కొత్తగా వచ్చింది. నీలాంటోళ్లు ఉంటే దానికి తోడు."

తను అడగలేదు, పొగరుకొద్దీ. అతను అడగలేదు, మొహమాటంకొద్దీ. మధ్యలో ఒక మనిషి ఉద్యోగం పోయింది, పరువు పోయింది, తన కళ్లమీద తనకే నమ్మకం పోయింది. నష్టం చచ్చిన మేకలకా అని హరి అంటే గుండె తేలికపడిన మనిషి తనే కదా.

హాల్లోంచి రాఘవులుగారి గొంతు మైకులో మోగింది. "అమ్మా ప్రమోదా! ఎక్కడున్నావు? జనం ఎదురుచూస్తున్నారు!"

"వీరభద్రం, ఫోన్ పెట్టేయకు. నేను చెప్పేది విను."

"ఏందది?"

"వినమన్నానా!"

ఫోన్ చేత్తో పట్టుకునే స్టేజి ఎక్కింది. హరనాథ్ ముందు వరసలో ఉన్నాడు. ఆవిడ మొహం చూడగానే అతనికి అర్థమైంది, కుర్చీలోంచి సగం లేచాడు. ఆవిడ అటు చూడలేదు. ఫోన్ స్పీకర్ నొక్కి మైకు పక్కన పెట్టి, ముందు కూర్చున్న బడి పిల్లల్లో ఒకమ్మాయిని పిలిచింది.

"అంకితా, ఆ చార్ట్‌లో మేక బొమ్మ పక్కనున్న అక్షరం చదువమ్మా."

"మే!" అంది అంకిత.

"మే అంటే?"

"మేక, ఆంటీ! మేఏఏ... మేఏఏ!"

హాలు ఘొల్లుమంది. పిల్ల ముద్దుగా అరిచిందని చప్పట్లు కొట్టారు. లక్ష్మీకాంతంగారు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

"నేను మే నెల అని చదివాను" అంది ప్రమోద.

మళ్లీ నవ్వారు. జోక్ అనుకున్నారు.

"నవ్వకండి. దయచేసి నవ్వకండి." "మీరు ఇందాక ఏ పేపర్‌కి నాకు శాలువా కప్పారో, ఆ పేపర్ తప్పు. కవర్ల మీద మే అని ఉంటే, అది మేక నెంబరని తెలుసుకోలేక తారీఖు అనుకున్నాను. ఆ మేకలన్నీ జూలైలో తీసినవే. మే నెలలో ఆ మండలంలో రోగమే లేదు. రోగం కనపడిన రోజునే డాక్టర్ వీరభద్రం రిపోర్ట్ చేశాడు. అతనేమీ దాచలేదు. అతన్ని సస్పెండ్ చేయించింది నేను. తెలుగు నాకొచ్చునన్న పొగరు." శాలువా తీసి, ఉండలాగా చుట్టి బల్లమీద పెట్టింది. "ఇది నాకు వద్దు."

రాఘవులుగారు జేబురుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకోసాగారు. ఆయన అలా మాట దొరక్క నిలబడటం ఆ ఊరి తెలుగువాళ్లెవరూ ఇంతకుముందు చూసి ఉండరు. వెనక వరసలో ఎవరో గుసగుసగా "గ్రీన్ కార్డ్ ఏమవుతుందో" అన్నారు. అదీ వినపడింది.

బల్లమీది ఫోన్‌లోంచి ముందు ఊపిరి వినపడింది. తర్వాత నవ్వు లాంటిదేదో. "మేకను... మే నెల చేసినావా తల్లీ? అంటే... నేను చూడక కాదు. లేకపాయె కాబట్టి చూడలేదు. అంతే కదా?"

"అంతే వీరభద్రం. నువ్వు సరిగ్గానే చూశావు. రేపే మా బాస్‌తో చెప్పి పేపర్ వెనక్కి తీసుకుంటాను. మీ ఆఫీస్‌కి నేనే రాస్తాను. అప్పటిదాకా దేనిమీదా సంతకం పెట్టకు."

ఫోన్‌లో ఊరి కుక్క ఒకటి అరవడం వినపడింది.

"తప్పు నాదేనని రాసిస్తే ఏదో ఒక మూలకు పోస్టింగ్ ఇచ్చి ముగించేస్తామన్నారు ప్రమోదా. మేలో రోగం చూసినా, లీవు కోసం చెప్పలేదు అని రాసిమ్మన్నారు. నిన్న మధ్యాహ్నం రాసి సంతకం పెట్టేసినా. పాపం రేణుకు తెలీదు."

నిన్న మధ్యాహ్నం. ప్రమోదకి శుక్రవారం సాయంత్రం కళ్లముందు నిలిచింది. చేతిలో ఫోన్, అక్కడ తెల్లవారుతున్న వేళ, హరి "ప్లీజ్" అనడం, తను సరేననడం. ఆ ఫోన్ చేసి ఉంటే ఆ సంతకం ఉండేది కాదు.

తలెత్తేసరికి కుర్చీల మధ్యనుంచి రేణు నడిచి వస్తోంది. ఏడవడం లేదు. స్టేజి కింద ఆగి, పైకి చూసి, హాలంతా వినపడేలా ఒక్కటే అడిగింది.

"కవర్ల సంగతి మీకు ఎప్పుడు తెలిసింది మేడమ్?"

ముందు వరసలో హరనాథ్ తల అడ్డంగా ఊపుతున్నాడు, చెప్పొద్దు అని. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.